‘ట్టే’ మేడం

మొన్న ఆదివారం పొద్దున్న దువ్వాడలో మా డాబా మీద కూర్చుని కాఫీ తాగుతుంటే వెనక నుంచి ‘ఫట్’మని చప్పుడు వినిపించింది. ఉలిక్కిపడి తిరిగి చూస్తే ఇంకేం లేదు, మా ఆవిడ దండెం మీంచి ఆరిన తువ్వాలు తీసి, రెండు చేతులా పట్టుకుని గాలిలో గట్టిగా విదిలించి మడతపెడుతోంది. మా వీధిలో మసి లేదు, దుమ్మూ పెద్దగా లేదు. కానీ ఆవిడ పుట్టి పెరిగింది మల్కాపురంలో. అక్కడ ఆరిన బట్టని విదిలించకుండా ఇంట్లోకి తెస్తే అమ్మ చేత అక్షింతలు పడేవట. “ఏముందని దులుపుతున్నావే?” అన్నాను. “ఏటో, సెయ్యి ఊరుకోదు” అంది తను, ఇంకో దుప్పటిని ఫట్‌మనిపిస్తూ. ఆ చప్పుడు వింటే నాకు ఎప్పుడూ సుగుణ మేడం గుర్తొస్తారు. ఎందుకో చెప్పాలంటే చాలా దూరం వెనక్కి వెళ్ళాలి.

సుగుణ మేడం నా మొదటి బాస్. ప్రాజెక్టు మేనేజరు. ఆ మాట వింటే ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రంగురంగుల గీతలు గీసే మనిషి మీ కళ్ళ ముందుకి రావచ్చు. ఈవిడ నేత చీర కొంగు నడుముకి బిగించి, కాళ్ళకి బరువైన సైటు బూట్లు వేసుకుని, జుట్టు ముడి అడ్డుపడి ఎప్పుడూ కాస్త ముందుకి ఒరిగిపోయే పసుపుపచ్చ హెల్మెట్టుతో షెడ్డు అంతా కలియతిరిగే మనిషి. నోరు మంచిది కాదని కొందరు అనేవారు. నాకు కాలేజీలో నాలుగేళ్ళు చెప్పని చదువు ఆ నోరే చెప్పింది, కాబట్టి నేను ఆ మాట అనలేను.

మాది మల్కాపురం దాటాక రోడ్డు వారగా ఉండే ఒక రోలింగ్ మిల్లు. పేరెందుకు లెండి. ఉక్కు దిమ్మల్ని ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య సాగదీసి, ఇళ్ళ స్లాబుల్లో వేసే కడ్డీలు చేసేవాళ్ళం. ఆ కాల్చే కొలిమి బొగ్గుది. ఇంతలో కాలం మారింది. కడ్డీలు కొనే పెద్ద కంపెనీలు ధర అడిగి ఊరుకోవడం మానేసి, “ఇది చెయ్యడానికి ఎంత పొగ వదిలారు?” అని కూడా అడగడం మొదలుపెట్టాయి. జవాబు లేకపోతే ఆర్డరు లేదు. దాంతో మా యజమాని, మేమంతా పెద్దసారు అనేవాళ్ళం, బొగ్గు కొలిమి ఆర్పేసి కరెంటు కొలిమి పెట్టాలనీ, ఆ కరెంటులో కొంతైనా షెడ్డు కప్పు మీద సోలారు పలకల నుంచి తీసుకోవాలనీ నిర్ణయించారు. ఆ పని మేడంకి అప్పగించి, నన్ను మేడంకి అప్పగించారు. నేను శ్రీకాకుళం వైపు పల్లెటూరి రైతు కుటుంబం నుంచి ఇంజనీరింగు డిగ్రీ పట్టుకుని అప్పుడే దిగినవాణ్ణి. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో కనుక్కుని ఆవిడకి చెప్పడమే నా ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని నాకు లోపల చిన్నతనంగా ఉండేది.

మొదటి వారం మీటింగులోనే ఆ చిన్నతనం వదిలింది. కొత్త కొలిమికి కాంక్రీటు పునాది వేస్తున్న కంట్రాక్టరు అప్పారావు గారిని మేడం, “పునాది సంగతేటి?” అని అడిగారు.

“అయిపోయినట్టే మేడం.”

“ఆ ‘ట్టే’ తీసి చెప్పండి.”

అప్పారావు గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. “అదే మేడం, బోల్టులొకటీ బిగించాల. మరంతా అయిపోయినట్టే” అన్నారాయన.

“అప్పారావు గారూ, మా నాన్న కంచరపాలెంలో రైల్వే గేటు దగ్గర పనిచేసినాడు. గేటు పడినట్టే అని ఏ రోజైనా స్టేషనుకి ఫోన్లో చెప్పుంటే ఎంత మంది చచ్చిపోదురు? పడిందా, పడలేదా. రెండే మాటలు. మీ పునాది అయిందా, అవలేదా?”

 జుట్టు నెరిసిన ఆ పెద్దమనిషి తల దించుకుని, “అవలేదు” అన్నారు. ఇంక చివాట్లు మొదలవుతాయని నేను కాగితాలు సర్దుకుని ముడుచుకు కూర్చున్నాను. మేడం మాత్రం తలుపు వైపు తిరిగి, “ముందు అప్పారావు గారికి టీ ఇవ్వండి” అని కేకేశారు. తర్వాత కుర్చీ ఆయన దగ్గరకి జరుపుకుని, “ఇప్పుడు చెప్పండి, ఏటి గావాల మీకు?” అన్నారు. బోల్టులు తెస్తానన్న కొట్టువాడు మొహం చాటేశాడట. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం నామర్దా అనిపించి ఆయన అయిపోయినట్టే అంటూ వచ్చారు. బోల్టులు ఇంకోచోట నుంచి తెప్పించడం ఎంత పని? సాయంత్రానికి వచ్చేశాయి. అదే ఆయన మాట పట్టుకుని మేము కొలిమిని దింపడానికి క్రేను పిలిపించి ఉంటే, అది పెళ్ళికి ముందొచ్చిన చుట్టంలా సైటులో కూర్చుని ఉండేది.

ఆ రోజు నుంచి అది మా మీటింగుల్లో ఆచారమైపోయింది. మొదటి టీ ‘అవలేదు’ అన్నవాళ్ళది. గోడ మీద ఒక తెల్ల బోర్డు, పనికి ఒక వరస, వరస చివర ఒక గడి. ఆ గడిలో అయింది, అవలేదు, ఈ రెండు మాటలకే జాగా. ఎవరైనా తెలివిగా తొంభై శాతం అయిందంటే, “గేటు తొంభై శాతం పడితే మిగతా పదిలోంచి లారీ దూరిపోద్ది” అనేవారు. మిల్లంతా ఆవిడకి ‘ట్టే మేడం’ అని పేరు పెట్టేసింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఓసారి గేటు దగ్గర ఎవరో కుర్రకారు, “ఒరే, ట్టే మేడం వత్తంది” అంటే, “వత్తన్నట్టే కాదు, వచ్చేసినాను” అంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నాకు తర్వాత్తర్వాత అర్థమైంది, ఆ ‘ట్టే’ అబద్ధం కాదు. మన మర్యాద. ఎదుటివాడి మొహం మీద లేదు అనడం మనకి చేతకాదు. మా ఊళ్ళో సంబంధం కుదరకపోయినా కుదిరినట్టే అంటాం, కూర ఉడక్కపోయినా ఉడికినట్టే అంటాం, ఇంకా బయల్దేరనివాడు వచ్చేసినట్టే అంటాడు. విన్నవాడికీ హాయి, అన్నవాడికీ హాయి. ఇంట్లో అయితే కొంపేమీ మునగదు. మండే ఉక్కు దగ్గర మునుగుతుంది. మేడం ఆ మర్యాదని తీసెయ్యలేదు, దాన్ని టీ గ్లాసులోకి మార్చారు. ఇంత చిన్న పని ఎంత పెద్ద తెలివో ఇప్పుడు నేను నలుగురి చేత పని చేయించుకునే స్థితికి వచ్చాక తెలుస్తోంది.

పునాది నడుస్తున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, “నాయుడూ, పద, మన మిల్లు వెనకెలా ఉన్నాదో సూసొద్దాం” అన్నారు. మిల్లు వెనక గోడని ఆనుకుని ఒక సందు. అక్కడి దండేల మీద అన్నీ ముదురు రంగు బట్టలే ఉన్నాయి. ఒకావిడ లంగా తీసి ఫట్‌మని విదిలించింది. నల్లటి నూగు గాలిలో లేచి మళ్ళీ పక్క చీర మీద వాలింది. ఆవిడ రాములమ్మ. మా బొగ్గు సెక్షనులో కొలిమికి బొగ్గు ఎగదోసే జట్టుకి పెద్ద సింహాచలం, అతని భార్య. మేం మిల్లువాళ్ళమని తెలియగానే మొదలుపెట్టింది.

“తెల్లగుడ్డ కొనడం మానేసి ఎన్నేళ్ళయినాదో మాకే గుర్తు నేదమ్మా. ఉతికితే ఆరీసరికి నలుపు. దులిపి దులిపి రెక్కలు పడిపోతన్నాయి.”

“బొగ్గు కొలిమి తీసేత్తన్నాం రాములమ్మా. ఇంక మసుండదు” అన్నాన్నేను, వరం ఇస్తున్నవాడిలా.

ఆవిడ చేతిలో లంగా అలాగే ఆగిపోయింది. “తీసేత్తే? మా ఆయనేటి సేత్తాడు బాబూ? ఆ బొగ్గే మాకు బువ్వ. బట్టలు తెల్లగుండి కంచం కాళీగుంటే ఏటి సేసుకుంటాం?”

  మేడం ఏదో ఒకటి అని ఊరడించకుండా, “నాకు ఇప్పుడు తెలీదమ్మా. తెలుసుకుని వత్తాను” అన్నారు.  గదిలోకి రాగానే మార్కరు తీసి బోర్డు మీద అన్నిటికంటే కింద రెండు వరసలు చేర్చారు. ఒకటి: ‘బొగ్గు సెక్షన్ మనుషులకి కొత్త పని.’ రెండోది: ‘రాములమ్మ బట్టలు దులపకుండా మడతపెట్టడం.’ రెండింటి ఎదురుగా అవలేదు అని రాశారు. మిగతా ఇంజనీర్లు నవ్వారు. మనది కొలిమి కట్టే ప్రాజెక్టా, చాకిరేవు ప్రాజెక్టా అన్నాడొకాయన. “కొలిమి ఎందుకు కడతన్నావో నీకు తెలిస్తే ఆ మాట అనవు” అన్నారు మేడం.

పెద్దసారు చెడ్డవారేమీ కాదు. బొగ్గు జట్టువాళ్ళని ఎవరినీ తీసెయ్యం, కొత్త కొలిమి దగ్గర సర్దుతాం అని మీటింగులో అందరి ముందూ అన్నారు. మేడం ఆ మాటని వెంటనే పనిగా మార్చేశారు. యంత్రం ఇంకా రాకముందే సింహాచలం జట్టుని అలాంటి కొలిమే నడుస్తున్న ఇంకో మిల్లుకి పంపించి నేర్పించడం మొదలుపెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఆఫీసులో వేళాకోళం. మొదటి రోజు నేనే వెంట వెళ్ళాను. నిప్పుల కొలిమి ముందు జంకని సింహాచలం ఆ బటన్ల పెట్టె ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. “నొక్కు బాబాయ్” అంటే, “పేలిపోదు కదా నాయుడు బాబూ?” అన్నాడు. “పేలదు.” “సింహాద్రప్పన్నా” అని దండం పెట్టుకుని, కళ్ళు మూసుకుని నొక్కాడు. కళ్ళు మూసుకుని నొక్కడం వల్ల పక్క బటను నొక్కాడు. హారను మోగింది. జట్టు జట్టంతా గుమ్మం దాకా పరిగెత్తింది. ఆ మిల్లువాళ్ళు ఇంకా ఆ కథ చెప్పుకుంటారట. అయినా నెల తిరిగేసరికి వాళ్ళు ఆ బటన్లతో మా కంటే చనువుగా ఉన్నారు. ఇంటికెళ్ళి సింహాచలం ఫ్యాను స్విచ్చి కూడా ముందు దండం పెట్టి వేస్తున్నాడని రాములమ్మ నవ్వుతూ చెప్పింది.

కొత్త కొలిమి వెలిగించే రోజు వచ్చింది. పందిరి వేశారు, అతిథులు వచ్చారు, పంతులు గారు ముహూర్తం పెట్టారు. మేడం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. అయినా దిష్టి గుమ్మడికాయ వచ్చిందా లేదా అన్నది కూడా బోర్డు మీద రాయించి, వచ్చాక అయింది అని మార్పించారు. ఆ పొద్దున్న బోర్డు చూస్తే నాకు కడుపు నిండిపోయింది. పై నుంచి కింద దాకా అయింది, అయింది, అయింది. చివరి రెండూ తప్ప. బట్టల సంగతి పాత కొలిమి ఆరాక తేలేది. మరి మనుషుల సంగతి? వాళ్ళు పని నేర్చుకున్నారు గానీ ఉద్యోగం ఆర్డర్లు చేతికి రాలేదు. ఇవాళ రేపు అంటూ ఆఫీసు దాటేస్తూ వచ్చింది. పాత కొలిమి ఆరిందంటే బొగ్గు సెక్షన్ అనేదే ఉండదు. ఆ సెక్షన్ పేరు మీద ఉన్న మనుషులు ఏ పేరు మీదా ఉండరు. సింహాచలం జట్టు ఉతికిన చొక్కాలు వేసుకుని పందిరి చివర నిలబడి ఉంది. ఆ చొక్కాలు చూస్తే నాకు భయం వేసింది.

కొలిమికి కరెంటు ఇవ్వాలంటే ప్రాజెక్టు మేనేజరు సంతకం కావాలి. పెద్దసారు కలం చేతికిచ్చారు. మేడం తీసుకోలేదు.

“సార్, వాళ్ళ ఆర్డర్లు ఇంకా రాలేదు.”

“అదెంత పనమ్మా, నేను మాటిచ్చాను కదా. అయిపోయినట్టే.”

 ఆ మాట ఆ నోటి నుంచి వస్తుందని మేము ఎవరమూ అనుకోలేదు. మేడం గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకపోతేనే మాకు భయం.

“సార్, అప్పారావు గారి చేత ఆ ‘ట్టే’ తీయించాను. ఈ మిల్లులో అందరి చేతా తీయించాను. మీ దగ్గర ఒగ్గేస్తే రేపు మీటింగులో నా మొహం ఎవరు చూస్తారు?”

“ముహూర్తం దాటిపోతోందమ్మా!”

“తెలుసు సార్. అందుకే అడుగుతున్నాను. అయిందా, అవలేదా?”

పెద్దసారు మొహం కందిపోయింది. అతిథుల వైపు చూశారు, పందిరి చివర ఉన్న చొక్కాల వైపు చూశారు. ఆవిడ ఉద్యోగం ఆ నిమిషంలోనే ఊడుతుందని నాకనిపించింది. కష్టం మీద, “అవలేదు” అన్నారు. మేడం వెంటనే వెనక్కి తిరిగి, “సారుకి టీ ఇవ్వండి” అన్నారు. ఎగతాళికి కాదు. అలవాటు. మొదట అప్పారావు గారు నవ్వారు, ఆ నవ్వు పందిరంతా పాకింది, చివరికి పెద్దసారు కూడా తల అడ్డంగా ఊపుతూ గ్లాసు అందుకున్నారు. ఆయన టీ తాగేలోపు ఆఫీసువాళ్ళు ఆర్డర్లు టైపు చెయ్యడానికి కూర్చున్నారు. ముహూర్తం దాటింది. పంతులు గారు పంచాంగం తిరగేసి, ఇంకాస్త ఆగితే ఇంతకంటే మంచి ఘడియ ఉందని సర్ది చెప్పారు. కావాలంటే ఎప్పుడూ ఉంటుంది.

సింహాచలం తన ఆర్డరు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని మేడం దగ్గరికి వచ్చాడు. “అమ్మా, అయితే మా పని... అయిపోయినట్టేనా?” అన్నాడు.

“కాదు బాబూ. అయింది” అని, మేడం అప్పుడు కలం అందుకుని సంతకం పెట్టారు.

అతను కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, సిగ్గెందుకు. కొత్త కొలిమి మొదటి బటను అతనే నొక్కాడు, ఈసారి కళ్ళు తెరిచి. వెనక పాత చిమ్నీ మీద చివరి పొగ సన్నబడుతూ సన్నబడుతూ ఆగిపోయింది. ఆ రోజు ఫోటోలో పెద్దసారు ఉన్నారు, అతిథులు ఉన్నారు, గుమ్మడికాయ కూడా ఉంది. మేడం లేరు. ఆవిడ అప్పటికే గదిలోకి వెళ్ళి బోర్డు మీద ఆ గడి నింపుతున్నారు. పెద్దసారు తర్వాత కొన్నాళ్ళు ఆవిడతో ముభావంగానే ఉన్నారు. ఆ తర్వాత కొత్త పని ఏది వచ్చినా ఆవిడకే ఇచ్చారు.

బోర్డు మీద ఒక్క గడి మిగిలిపోయింది. మా మిల్లు మసి ఆగింది, సందు గోడలకి సున్నం నిలవడం మొదలైంది. కానీ రాములమ్మ బట్ట తీస్తే ఫట్‌మని దులుపుతూనే ఉంది. “మసి లేదు కదా మేడం, అది వట్టి అలవాటు. అయింది అని రాసేద్దాం” అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “మసి పోయింది నాయుడూ, నమ్మకం ఇంకా రాలేదు. మిల్లువాళ్ళు మళ్ళీ ఎప్పుడైనా పొగ ఒదుల్తారని ఆ సేతులకి అనుమానం. ఆ అనుమానం పోయేదాకా మన పని అవలేదు” అన్నారు. ఆవిడ రిటైరైన రోజు కూడా ఆ గడిలో అవలేదు అనే ఉంది. వెళ్తూ వెళ్తూ మార్కరు నా జేబులో పెట్టారు.

నేనూ ఆ మిల్లు వదిలి చాలా కాలమైంది. ఇప్పుడు పోర్టు వైపు, బొగ్గూ ఖనిజమూ బయటకి ఎగరకుండా కన్వేయర్లకి మూతలు వేసే పని చూస్తున్నాను. నా మీటింగుల్లో కూడా మొదటి టీ అవలేదు అన్నవాళ్ళదే. కొత్తగా చేరినవాళ్ళు వింతగా చూస్తారు. రెండో వారానికి ధైర్యంగా అవలేదు అంటారు. ఊరు మారడం అంటే పెద్ద పెద్ద యంత్రాలు రావడమని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఒక మనిషి భయపడకుండా ‘ఇంకా అవలేదు’ అనగలిగిన చోటే ఏదైనా మారుతుందని ఇప్పుడు నమ్ముతున్నాను.

ఆదివారం మా ఆవిడ దుప్పటి చప్పుడు విన్నాక మనసు ఆగలేదు. సోమవారం పనికి వెళ్తూ బండి ఆ సందులోకి తిప్పాను. రాములమ్మ గుర్తుపట్టి, “ఓలమ్మ, నాయుడు బాబే!” అంటూ కుర్చీ వేసి, టీ చేతికిచ్చి, సింహాచలం ఇప్పుడు కొత్తవాళ్ళకి బటన్ల పని నేర్పుతున్నాడనీ, ఆ గీర భరించలేకపోతున్నాననీ చెప్పుకొస్తూ దండెం దగ్గరికి నడిచింది. దండెం మీద మనవరాలి స్కూలు యూనిఫారం. తెల్ల చొక్కా. మాట ఆపకుండానే దాన్ని తీసింది, భుజం మీద వేసుకుంది, మడతపెట్టింది. చప్పుడు లేదు.

గబగబా మేడంకి ఫోను చేశాను. సంగతి చెప్పాను.  అవతల నుంచి అదే గొంతు, కొంచెం ముసలిదైన గొంతు, “అయిందా? అయిపోయినట్టేనా?” అంది.

 రాములమ్మ రెండో చొక్కా తీసేదాకా ఆగాను. అదీ అంతే, తీసింది, మడతపెట్టింది.

“అయింది మేడం” అన్నాను.

“అయితే ఇంక నీకు టీ లేదు, ఫో” అని నవ్వారావిడ. నవ్వు మధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వినిపించింది. రాములమ్మ ఇచ్చిన టీ నా చేతిలో వేడిగా ఉంది. ఆ సంగతి మేడంకి చెప్పలేదు.